ఫ్లాట్‌కి రెరా నంబర్ ఉంది సరే, కట్టేది ఎవరు?

కొత్త అపార్ట్‌మెంట్ బ్రోచర్ చేతికి రాగానే ఇప్పుడు చాలామంది ముందుగా వెతికేది, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే రెరా నంబర్, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ అథారిటీ దగ్గర ఆ ప్రాజెక్టు రిజిస్టర్ అయిన నంబర్. పదేళ్ల కిందట ఈ అలవాటు లేదు. మంచి మార్పే. కానీ ఆ నంబర్ కనిపించగానే మనసు కుదుటపడి, మిగతా ప్రశ్నలు అడగడం మానేస్తున్నాం. సైట్ ఆఫీసులో కూర్చున్న మార్కెటింగ్ కుర్రాడు "సార్, మావి అన్నీ రిజిస్టర్డే అండి" అంటాడు. అన్నీ అంటే ఏవేవి? ఎవరి దగ్గర రిజిస్టర్ అయ్యాయి? ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చినవాళ్లు ఏం చూసి ఇచ్చారు, ఏం చూడలేదు? ఇవేవీ తెలుసుకోకుండానే ఇరవై ఏళ్ల లోన్ మీద సంతకం పెట్టేస్తున్నాం.

ఒక భవనం వెనక మన దగ్గర చాలా రిజిస్టర్లు ఉన్నాయి. ప్రాజెక్టు పేరు రెరా దగ్గర ఉంటుంది. దస్తావేజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. కంపెనీ వివరాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర, ఆర్కిటెక్ట్ పేరు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ దగ్గర, ఇంజనీర్ లైసెన్స్ మున్సిపాలిటీ దగ్గర, కూలీల పేర్లు కార్మిక సంక్షేమ బోర్డు దగ్గర. ఇవన్నీ వేర్వేరు చట్టాల కింద, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టినవి. ఒక ఆఫీసు ఇచ్చిన కాగితం నిజమేనా అని ఇంకో ఆఫీసు లోతుగా పరిశీలించడం చాలా అరుదు. ఒక్కొక్కటీ ఒక్కో చిన్న విషయానికే పూచీ పడుతుంది. ఇక కడ్డీలు కట్టించి, కాంక్రీటు పోయించి, గోడ లేపే కాంట్రాక్టర్ ఉన్నాడే, ప్రైవేటు భవనం కట్టడానికి అతని పనితనాన్ని పరీక్షించి పేరు రాసుకునే రిజిస్టర్ తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు. నా అసలు బాధ అదే. అక్కడికి వెళ్లేముందు ఉన్న రిజిస్టర్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

రెరా దేనికి పూచీ పడుతుంది

రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. పూర్తిగా అమల్లోకి వచ్చింది 2017 మే 1న. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 2017లోనే తమ తమ నియమాలు ప్రకటించాయి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ మాత్రం 2018 ఆగస్టు చివర్లో మొదలైంది. 2017 జనవరి 1 నుంచి అనుమతులు తీసుకున్న ప్రాజెక్టులను అక్కడ లెక్కలోకి తీసుకున్నారు.

చట్టంలో సెక్షన్ 3 చాలా స్పష్టంగా ఉంటుంది. రిజిస్టర్ కాకుండా ప్రాజెక్టును ప్రకటించకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అమ్మకూడదు, కొనమని ఎవరినీ పిలవకూడదు. అతిక్రమిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. అప్పటికీ దారికి రాకపోతే మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. మధ్యవర్తిగా అమ్మిపెట్టే ఏజెంటు కూడా రిజిస్టర్ కావాలి. లేకపోతే రోజుకి 10,000 రూపాయల చొప్పున జరిమానా. తెలంగాణలో ప్రాజెక్టు నంబర్ 'పీ'తో, ఏజెంటు నంబర్ 'ఏ'తో మొదలవుతుంది. కొందరు ఏజెంట్లు తమ నంబర్ చూపించి ప్రాజెక్టు రిజిస్టర్ అయిందన్న భ్రమ కలిగిస్తారు. కాబట్టి ఆ మొదటి అక్షరం చూసుకోండి.

మరి ఆ నంబర్ ఇచ్చేముందు అథారిటీ ఏం చూస్తుంది? బిల్డర్ దాఖలు చేసిన కాగితాలు చూస్తుంది: స్థలం హక్కు పత్రాలు, మున్సిపల్ అనుమతి, లేఅవుట్ ప్లాన్, ఫ్లాట్ల సంఖ్య, ఒక్కో ఫ్లాట్ కార్పెట్ ఏరియా (ఫ్లాట్ లోపల వాడుకోదగ్గ నేల), ఎప్పటికి పూర్తిచేస్తామన్న అఫిడవిట్. అథారిటీ 30 రోజుల్లో ఏ సంగతీ తేల్చకపోతే ప్రాజెక్టు రిజిస్టర్ అయినట్టే లెక్క అని చట్టమే చెబుతోంది. అంటే ఇది ప్రధానంగా కాగితాల పరిశీలన. పునాది తవ్వి చూసిందీ లేదు, కాంక్రీటు బలం చెప్పే క్యూబ్ టెస్ట్ రిపోర్టు అడిగిందీ లేదు. ఇందులో రెరా తప్పేమీ లేదు, ఆ చట్టం చేయమన్న పని అదే. కొనేవాడికి, అమ్మేవాడికి మధ్య సమాచారం దాగకుండా, డబ్బు దారి తప్పకుండా చూడ్డానికి దాన్ని పుట్టించారు.

డబ్బు విషయంలో మాత్రం ఈ చట్టం నిజంగా గట్టిది. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో ఉంచాలి. అది ఆ ప్రాజెక్టు స్థలం ఖర్చుకు, నిర్మాణ ఖర్చుకు మాత్రమే వాడాలి. అందులోంచి తీయాలంటే పని ఎంత శాతం అయిందో ఒక ఇంజనీర్, ఒక ఆర్కిటెక్ట్, ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాలి. ఒక వెంచర్‌లో వసూలు చేసిన డబ్బుతో ఇంకోచోట స్థలం కొనడం మన బిల్డర్లలో ఎంత మామూలో తెలిసినవాళ్లకి ఈ నియమం విలువ తెలుస్తుంది. అలాగే అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ధ్రువీకరణ ఇచ్చే ముగ్గురికీ ఫీజు ఇచ్చేది బిల్డరే. అది నాకు నచ్చని సంగతి. ఆ సంతకాలు పెట్టేవాళ్లని అథారిటీయే ఎంపిక చేసి పంపి ఉంటే ఈ ఏర్పాటు ఇంకా బాగుండేది.

మినహాయింపు సంగతి చిన్న ఊళ్లవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. 500 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 600 గజాలకు మించని స్థలంలో కట్టేవి, లేదా మొత్తం ఫ్లాట్లు 8కి మించనివి రిజిస్టర్ కానక్కర్లేదు. గుంటూరులోనో, వరంగల్‌లోనో, కాకినాడలోనో 300 గజాల్లో ఐదు ఫ్లాట్లు కట్టి అమ్మే బిల్డర్లను గుర్తు చేసుకోండి. మన పట్టణాల్లో మధ్యతరగతి కొనే ఫ్లాట్లు ఎక్కువ శాతం అలాంటివే. అక్కడ రెరా నంబర్ లేకపోవడం నేరం కాదు. కాకపోతే 70 శాతం ఖాతా, మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టే పురోగతి వివరాలు లాంటి రక్షణలేవీ ఉండవు. చూసుకోవాల్సిందంతా కొనేవాళ్లే చూసుకోవాలి.

సబ్‌రిజిస్ట్రార్ ముద్ర, ప్రీలాంచ్ మాయ

హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్‌లో డబ్బు పెట్టి ఇరుక్కున్నవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "మాకు రిజిస్ట్రేషన్ కూడా చేశారండి." వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. మున్సిపల్ అనుమతి రాకముందే, రెరాకి దరఖాస్తు పెట్టకముందే, స్థలంలో అవిభాజ్య వాటాని, అందరూ యూడీఎస్ అనే దాన్ని, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వాళ్ల పేరిట రాసిచ్చారు. చదరపు అడుగు మార్కెట్‌లో 7,000 ఉంటే మీకు 4,000కే, కానీ మొత్తం ఒకేసారి కట్టాలి అన్న తరహా బేరం అది.

ఆ దస్తావేజు వల్ల వాళ్లకి వచ్చింది నేలలో కొన్ని గజాల వాటా. వందలమందితో ఉమ్మడిగా. అందులో ఫ్లాట్ లేదు, అంతస్తు లేదు, పూర్తిచేసే తేదీ లేదు. తర్వాత అనుమతి అనుకున్నదానికంటే తక్కువ అంతస్తులకు వచ్చినా, అసలే రాకపోయినా, చేతిలో మిగిలేది ఆ గజాలే. వాటిని విడిగా అమ్ముకోవాలన్నా, పంచుకోవాలన్నా తేలిగ్గా అయ్యే పని కాదు.

సబ్‌రిజిస్ట్రార్ పని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజును నమోదు చేయడం. అమ్మేవాడికి నిజంగా హక్కు ఉందా లేదా అన్నది తేల్చే అధికారం ఆ ఆఫీసుకి లేదు. తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఈ మాటే మళ్లీ స్పష్టంగా చెప్పింది. హక్కు పత్రాలు చూపించకపోతే దస్తావేజు నమోదు చేయనక్కర్లేదని అక్కడి ప్రభుత్వం పెట్టుకున్న నియమాన్ని కొట్టేసింది. కాబట్టి లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం పాత దస్తావేజులు, లాయర్‌తో చూపించుకోవడం, దాని మీద నమోదైన లావాదేవీలు, తనఖాలు చూపే ఈసీ తీయించడం మన పని. దస్తావేజు మీద పడ్డ ముద్ర ఆ పనిని చేసిపెట్టదు. ప్రీలాంచ్‌కి సాఫ్ట్ లాంచ్ అని పేరు పెట్టినా, ఆసక్తి తెలిపే పత్రం అని కాగితం మార్చినా, రెరా నంబర్ రాకముందు డబ్బు తీసుకోవడం సెక్షన్ 3 ప్రకారం తప్పే.

కంపెనీ పేరు వెనక

బిల్డర్ పేరు ఊరంతా తెలిసిందే అయినా, మీ అగ్రిమెంట్ మీద ఉండే పేరు వేరేది అయ్యుంటుంది. ప్రతి ప్రాజెక్టుకీ విడిగా ఒక ఎల్‌ఎల్‌పీనో (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ), కొత్త ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీనో పెట్టడం ఇప్పుడు పరిపాటి. దానిలో చట్టవిరుద్ధం ఏమీ లేదు. స్థల యజమానులకు, పెట్టుబడిదారులకు లెక్కలు సులువుగా ఉంటాయి. కానీ గొడవ వస్తే మీరు కేసు వేసేది ఆ కొత్త సంస్థ మీద. దాని ఆస్తి అంతా ఆ ఒక్క ప్రాజెక్టే. నలభై ఏళ్ల పేరున్న పెద్ద సంస్థ ఆస్తులు నేరుగా మీ అందుబాటులోకి రావు.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొడితే అది ఏ రోజు పుట్టింది, డైరెక్టర్లు ఎవరు, దాని ఆస్తుల మీద ఏ బ్యాంకుకి ఎంత తనఖా ఉంది అన్న ప్రాథమిక వివరాలు తెలుస్తాయి. బిల్డర్ మొత్తం స్థలాన్ని బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చి ఉంటే అక్కడ 'ఛార్జ్' అని కనిపిస్తుంది. అప్పుడు మీ ఫ్లాట్‌కి ఆ బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న లేఖ అడగాలి. రెరా దరఖాస్తులో ప్రమోటర్ గత ఐదేళ్లలో చేపట్టిన ప్రాజెక్టుల వివరాలూ, అవి ఎంతవరకు వచ్చాయో, కేసులేమైనా ఉన్నాయో చెప్పాలి. కొత్తగా పుట్టిన ఎల్‌ఎల్‌పీ ఆ పేజీని ఖాళీగా వదిలేయొచ్చు. అందుకే సంస్థ పేరుతో పాటు డైరెక్టర్ల పేర్లతో కూడా వెతకాలి.

డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌తో, అంటే కట్టిన ఫ్లాట్లలో వాటాకి ఒప్పందం రాసుకుని, స్థలం ఇచ్చిన యజమాని తన వాటా ఫ్లాట్లు విడిగా అమ్ముతుంటాడు. ఓనర్ షేర్ అని వాటికి కాస్త ధర తగ్గుతుంది కూడా. కట్టేవాడు, అమ్మేవాడు వేరైతే ఇద్దరూ ప్రమోటర్లే, ఇద్దరికీ ఉమ్మడి బాధ్యత ఉంటుందని రెరా చట్టం వివరణలోనే రాశారు. "నేను స్థలం ఇచ్చినవాణ్ని, నాకేం తెలుసు" అన్న జవాబు అక్కడ చెల్లదు.

బిల్డర్ల సంఘంలో సభ్యత్వం, ఐఎస్‌వో సర్టిఫికెట్, అవార్డుల ఫొటోలు చట్టం ఇచ్చే రిజిస్ట్రేషన్లు కావు. ఉంటే మంచిదే, అంతకు మించి వాటికి బరువు ఇవ్వకండి.

ఆర్కిటెక్ట్‌కి చట్టం ఉంది, ఇంజనీర్‌కి లేదు

ఇక్కడ మన వ్యవస్థలో ఒక పెద్ద వింత ఉంది. ఆర్కిటెక్టులకు 1972లోనే పార్లమెంటు చట్టం చేసింది. గుర్తింపు పొందిన డిగ్రీ ఉండి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. వాళ్ల నంబర్ 'సీఏ'తో మొదలై, నమోదైన సంవత్సరం, వరుస సంఖ్యతో ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. అయితే 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఈ చట్టం ఆర్కిటెక్ట్ అన్న పేరును కాపాడుతుంది తప్ప, భవనాలకు ప్లాన్లు గీసే పని నమోదు కానివాళ్లు చేయకూడదని చెప్పడం లేదని తేల్చింది. అంటే బోర్డు మీద 'బిల్డింగ్ డిజైనర్' అనో 'ప్లానర్' అనో రాసుకున్న మనిషి ఇంటి ప్లాన్ గీయడాన్ని ఈ చట్టం ఆపదు.

ఇక ఇంజనీర్. భవనం నిలబడుతుందా లేదా అన్నది తేల్చేది స్ట్రక్చరల్ ఇంజనీర్. స్తంభం ఎంత మందం ఉండాలి, దానిలో ఎన్ని కడ్డీలు, ఎంత సైజువి, పునాది ఎంత లోతు, ఇవన్నీ అతని లెక్కలే. డాక్టర్లకు, లాయర్లకు, చార్టర్డ్ అకౌంటెంట్లకు, ఫార్మసిస్టులకు జాతీయ స్థాయిలో చట్టం, కౌన్సిల్ ఉన్నాయి. తప్పు చేస్తే పేరు కొట్టేసే అధికారం ఆ కౌన్సిళ్లకు ఉంది. ఇంజనీర్లకు దేశం మొత్తానికీ అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. బిల్లు ముసాయిదాలు వచ్చాయి, చట్టం కాలేదు. 1920లో పుట్టి 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 'చార్టర్డ్ ఇంజనీర్' గుర్తింపు ఇస్తుంది. అది స్వచ్ఛందం. లేకపోయినా పని చేసుకోవచ్చు. గుజరాత్ 2006లో సివిల్ ఇంజనీర్ల కోసం సొంత చట్టం చేసుకుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఈ లోటును పూడ్చేది మున్సిపల్ లైసెన్స్. ప్లాన్ దాఖలు చేయాలంటే లైసెన్స్ ఉన్న సాంకేతిక వ్యక్తి, ఆంధ్రాలో అందరూ ఎల్‌టీపీ అనే మనిషి, సంతకం పెట్టాలి. ఎత్తైన భవనాలకు స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం కూడా కావాలి. కానీ ఆ లైసెన్స్ ఇచ్చేది స్థానిక సంస్థలు, పట్టణ ప్రణాళిక శాఖ. ఒకచోట బ్లాక్‌లిస్టులో పడిన మనిషి ఇంకో రాష్ట్రంలో పని చేయకుండా ఆపే ఉమ్మడి జాబితా లేదు. ఆచరణలో చాలా చిన్న అపార్ట్‌మెంట్లకు జరుగుతున్నది మనందరికీ తెలుసు. ప్లాన్ మీద సంతకం ఒకరిది, స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఇంకొకరిది, సైట్‌లో "ఇక్కడ పదహారు ఎంఎం కడ్డీ చాలు" అని చెప్పేది మరొకరు. సంతకం పెట్టిన మనిషి ఆ సైట్‌కి ఎన్నిసార్లు వచ్చాడో అడిగేవాళ్లు లేరు. నలభై కుటుంబాలు నిద్రపోయే భవనం లెక్కల మీద సంతకం చేసే మనిషికి, ఆ సంతకం తప్పైతే వృత్తే పోతుందన్న భయం ఉండాలి. డాక్టర్‌కి ఉన్న ఆ భయం ఇంజనీర్‌కి ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

రిజిస్టర్‌లో లేని కాంట్రాక్టర్

రోడ్లు, భవనాల శాఖలోనో, ఇరిగేషన్‌లోనో, పంచాయతీరాజ్‌లోనో టెండర్ వేయాలంటే కాంట్రాక్టర్‌గా రిజిస్టర్ కావాలి. స్పెషల్ క్లాస్ నుంచి ఐదో క్లాస్ దాకా తరగతులు ఉంటాయి. ఏ క్లాస్ వాళ్లు ఎంత విలువ పనికి టెండర్ వేయొచ్చో పరిమితి ఉంటుంది. పై క్లాసులకి వెళ్లాలంటే ఆర్థిక స్తోమత చూపే సాల్వెన్సీ సర్టిఫికెట్, చేసిన పనుల అనుభవం, చేతిలో ఉన్న యంత్రాలు, సాంకేతిక సిబ్బంది చూపించాలి. పని నాసిరకంగా చేస్తే బ్లాక్‌లిస్టులో పెడతారు. ఈ వ్యవస్థలో లోపాలు లేవని అనను, కానీ ఒక వ్యవస్థ అంటూ ఉంది.

అదంతా ప్రభుత్వ డబ్బుతో జరిగే పనులకే. ప్రభుత్వ స్కూలుకి రెండు గదులు కట్టే టెండర్‌కి రిజిస్టరైన కాంట్రాక్టర్ కావాలి, నగరంలో ఇరవై అంతస్తుల ప్రైవేటు టవర్ కట్టడానికి అక్కర్లేదు. బిల్డర్ ఎవరికి కావాలంటే వాళ్లకి ఇవ్వొచ్చు. వాళ్లు పనిని ముక్కలు చేసి ఇంకొకరికి ఇస్తారు. సెంట్రింగ్ ఒకరికి, రాడ్ బెండింగ్ ఒకరికి, ఇటుక పని ఒకరికి, అన్నీ చదరపు అడుగుల లెక్కన లేబర్ కాంట్రాక్టులు. ఆ చివర ఉన్న మేస్త్రీ ఎంత అనుభవం ఉన్నవాడైనా, అతని మీద ఉండే ఒత్తిడి ఒక్కటే: త్వరగా అయిపోవాలి. స్లాబ్ వేశాక సెంట్రింగ్ ఎన్ని రోజులు ఉంచారు, క్యూరింగ్‌కి నీళ్లు సరిగ్గా పెట్టారా, కడ్డీల కింద కవర్ బ్లాకులు వేశారా అన్నవి ఆ ఒత్తిడిలో తేలిపోయే సంగతులు. భవనం ఆయుష్షు మాత్రం వాటిమీదే ఆధారపడి ఉంటుంది.

రెరా చట్టం సెక్షన్ 4లో దీనికి ఒక చిన్న కిటికీ ఉంది. దరఖాస్తుతో పాటు కాంట్రాక్టర్లు, ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీర్ 'ఎవరైనా ఉంటే' వాళ్ల పేర్లు, చిరునామాలు ఇవ్వాలని అందులో ఉంది. రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేజీ తెరిస్తే ఆ పేర్లు కనిపించాలి. చాలామంది కొనుగోలుదారులు ఫ్లాట్ల సంఖ్య, తేదీ చూసి ఆ పేజీ మూసేస్తారు. ఆ పేర్ల దాకా వెళ్లండి. కాంట్రాక్టర్ దగ్గర ఖాళీ ఉంటే, లేదా బిల్డర్ పేరే మళ్లీ రాసి ఉంటే, సైట్‌లో పని ఎవరు చేస్తున్నారో నేరుగా అడగండి.

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్లిన మన కూలీలు. ఆ భవనానికి చెన్నై అభివృద్ధి సంస్థ అనుమతి ఉంది. పక్కన నిలిచి ఉన్న రెండో టవర్‌ని కూడా ప్రమాదకరమని తేల్చి 2016 నవంబర్‌లో పేలుడు పదార్థాలతో కూల్చారు. ఆ తర్వాత నెల, డిసెంబర్ 8న, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది ప్రాణాలు పోయాయి. ఒకటి అనుమతి తీసుకుని కట్టింది, ఇంకొకటి నిబంధనలు గాలికి వదిలి కట్టింది. కట్టేవాడి సామర్థ్యాన్ని ముందుగా పరీక్షించే ఏర్పాటు రెండింటిలోనూ లేదు.

ఇలా కాకుండా నడిపే దేశాలు ఉన్నాయి. మలేషియా 1994లో నిర్మాణ రంగానికి ప్రత్యేక చట్టం చేసి, దాని కింద ఒక బోర్డు పెట్టింది. ప్రభుత్వ పనైనా ప్రైవేటు పనైనా కాంట్రాక్టర్ అక్కడ రిజిస్టర్ కావాల్సిందే. జీ1 నుంచి జీ7 దాకా ఏడు గ్రేడ్లు. చిన్న గ్రేడ్ వాళ్లు పెద్ద పని పట్టలేరు. సైట్‌లో అడుగుపెట్టే కార్మికుడికి కూడా బోర్డు ఇచ్చే గ్రీన్ కార్డు ఉండాలి. మలేషియాలో నిర్మాణ పనులకు వెళ్లివచ్చిన మనవాళ్లకి ఆ కార్డు పరిచయమే. దానితో అక్కడ ప్రమాదాలన్నీ ఆగిపోయాయని కాదు. కానీ ఈ భవనం ఎవరు కట్టారు, వాళ్లకి ఆ అర్హత ఉందా అన్న ప్రశ్నకు ఒకచోట జవాబు దొరుకుతుంది. స్పెషల్ క్లాస్, ఒకటో క్లాస్ అని తరగతులు పెట్టే అనుభవం మన ప్రభుత్వాలకి దశాబ్దాలుగా ఉంది. దాన్నే ఒక ఎత్తు దాటిన ప్రైవేటు భవనాలకీ విస్తరించడం కష్టమైన పని కాదు. రెరా దరఖాస్తులో ఆ కాంట్రాక్టర్ నంబర్‌ని తప్పనిసరి చేస్తే సగం దారి వచ్చేసినట్టే.

కూలీ పేరు

నిర్మాణ కార్మికుల కోసం 1996లో రెండు చట్టాలు వచ్చాయి. వాటి సారం ఇప్పుడు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో చేరింది. ఏర్పాటు స్థూలంగా ఇది: నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్ వసూలు చేసి, సంక్షేమ బోర్డు ద్వారా నమోదైన కార్మికులకు ప్రమాద బీమా, ప్రసూతి సాయం లాంటివి ఇవ్వాలి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు నమోదు కావచ్చన్నది 1996 చట్టం పెట్టిన అర్హత.

సెస్ ప్లాన్ అనుమతి దగ్గరే చేరిపోతుంది. కూలీ పేరు మాత్రం చేరదు. నెలకో సైట్ మారే మనిషి, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన మనిషి 90 రోజుల పనికి రుజువు ఎవరి దగ్గర తెచ్చుకుంటాడు? దేశవ్యాప్తంగా ఇలా వసూలైన వేల కోట్లు ఖర్చు కాకుండా పడి ఉండడం మీద సుప్రీంకోర్టు 2018 మార్చిలో చాలా కటువుగా మాట్లాడింది. ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కరూ తమ మేస్త్రీని, కూలీలని "కార్డు ఉందా?" అని ఒక్కమాట అడిగి, లేకపోతే దగ్గర్లోని మీసేవకో లేబర్ ఆఫీసుకో పంపితే బాగుంటుంది. పని కల్పించిన యజమానిగా మీరు ఇచ్చే ధ్రువీకరణ వాళ్లకి ఉపయోగపడుతుంది.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి

ముందుగా రెరా వెబ్‌సైట్‌లో నంబర్ మీరే కొట్టి చూడండి. బ్రోచర్‌లో ఉన్న నంబర్ అదే ప్రాజెక్టుదా, అదే ఫేజ్‌దా అన్నది ముఖ్యం. మొదటి ఫేజ్ నంబర్‌తో మూడో ఫేజ్ అమ్మడం జరుగుతుంటుంది. మూడు నెలలకోసారి పెట్టాల్సిన పురోగతి వివరాలు పెడుతున్నారా, ఎప్పుడు ఆపేశారో చూడండి. రిజిస్ట్రేషన్ గడువు తేదీ కూడా చూసుకోండి.

అపార్ట్‌మెంట్ అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మిత ప్రాంతంలో 10 శాతాన్ని మున్సిపల్ సంస్థకి తనఖా పెట్టించుకోవడం మన రాష్ట్రాల్లో నియమం. ప్లాన్ ప్రకారం కట్టి, నివాసానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే ఆ ఫ్లాట్లు విడుదలవుతాయి. మీరు బేరమాడుతున్న ఫ్లాట్ ఆ 10 శాతంలో ఉందేమో తనఖా దస్తావేజు చూసి తెలుసుకోవాలి. లేఅవుట్లలోనూ ఇలాగే కొన్ని ప్లాట్లు తనఖాలో ఉంటాయి. ధర తక్కువ అనగానే ముందు రావాల్సిన అనుమానం ఇదే.

గొడవ వచ్చాక రెండు దార్లు ఉన్నాయి. డబ్బు వాపసు, ఆలస్యానికి వడ్డీ కావాలంటే రెరా అథారిటీకి ఫిర్యాదు చేయాలి. నష్టపరిహారం కావాలంటే ఆ పరిహారం తేల్చడానికి రెరా చట్టం కింద నియమించే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాలి. 2021 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఈ తేడాని స్పష్టం చేసింది. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే డబ్బు వెనక్కి అడిగే హక్కుకి షరతులేమీ లేవని కూడా చెప్పింది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే దారి కూడా తెరిచే ఉంది. ఆర్డర్ వచ్చాక వసూలు మాత్రం రెవెన్యూ బకాయిల పద్ధతిలో, అంటే కలెక్టర్ యంత్రాంగం ద్వారా జరగాలి. అక్కడ చాలా ఓపిక కావాలి.

ఫ్లాట్ స్వాధీనం చేసుకున్న రోజు నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలి. అది రిజిస్టరైన ప్రాజెక్టుల విషయంలో మనకున్న మంచి ఆయుధం. కానీ లోపం ఉందని చూపించాలంటే అసలు ఎలా కట్టాల్సిందో తెలియాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లో ప్లాన్లు, అవసరమైన పత్రాలు నివాసుల సంఘానికి అప్పగించాలని చట్టంలో ఉంది. చాలా సంఘాలు లిఫ్ట్ వారంటీ, జనరేటర్ బిల్లు తీసుకుని సరిపెట్టుకుంటాయి. స్ట్రక్చరల్ డ్రాయింగులు, మట్టి పరీక్ష నివేదిక, కాంక్రీటు క్యూబ్ టెస్ట్ రిపోర్టులు, పని చేసిన కాంట్రాక్టర్ల పేర్లు కూడా రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకుని దాచుకోవాలి. తర్వాత ఎప్పుడైనా పిల్లర్‌లో పగులు కనిపిస్తే, చూడ్డానికి వచ్చిన ఇంజనీర్ మొట్టమొదట అడిగేవి ఆ డ్రాయింగులే.